బ్లో-ఆఫా, డైవర్టరా? ముందు నీ బండి గాలిని ఎక్కడ లెక్కపెడుతుందో చూడు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: 2015 ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ, డీఎస్‌జీ (ఆటోమేటిక్) గేర్‌బాక్సు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఎనిమిది నెలలైంది. బండితో ఇబ్బందేమీ లేదు, కానీ మన వైజాగ్ రుషికొండ రోడ్డు మీద యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే "ప్ఫ్‌ష్‌ష్" అని సౌండు రావాలని కోరిక. గాజువాకలో ఒకాయన బ్లో-ఆఫ్ వాల్వ్ (టర్బో గాలిని బయటికి ఊదేసేది) పెట్టేద్దాం అంటున్నాడు, మీ ఆఫీసులో ఇంకొకాయన అది పెడితే ఇంజన్ పోతుంది, మంచి డైవర్టర్ (అదే గాలిని లోపలికే తిప్పి పంపేది) కొనుక్కో అంటున్నాడు, తర్వాత ఎప్పుడైనా స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి బలం పెంచడం) కూడా చేయిద్దామని ఉంది, వీళ్లిద్దరిలో ఎవరి మాట వినాలి అని.

ఇద్దరి మాటా పూర్తిగా వినకు. బ్లో-ఆఫ్ పెడితే ఇంజన్ పోదు. అలాగని డైవర్టర్ మారిస్తే పికప్ పెరిగిపోదు, కంపెనీది బాగున్నంత కాలం దాన్ని మార్చే పనే లేదు. నన్నడిగితే రోజూ ఆఫీసుకి తీసుకెళ్లే బండికి డైవర్టరే ఉండాలి. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, తొందర లేకపోతే చదువు. ఆటోనగర్ షెడ్డులో పదకొండేళ్లు చేశాను, ఇప్పుడు స్కానర్ పట్టుకుని సొంతంగా తిరుగుతున్నాను, ఈ వాల్వ్‌ల మీద డబ్బు తగలేసినవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లలో మొదటివాణ్ని నేనే.

ముందు అసలు ఈ వాల్వ్ ఎందుకుందో చూద్దాం. టర్బో అంటే ఒకే ఇరుసుకి రెండు చక్రాలు, ఒకదాన్ని సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ తిప్పుతుంది, రెండోది గాలిని లోపలికి లాగి ఒత్తిపెట్టి ఇంజన్‌కి తోస్తుంది. చిన్న పెట్రోల్ టర్బోలు నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి కూడా తిరుగుతాయి. నువ్వు రెండో గేరులో ఫుల్లుగా తొక్కి, ముందు ఆటో అడ్డం వచ్చిందని టక్కున కాలు తీశావనుకో, ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ రేకు మూసుకుంటుంది. కానీ అంత వేగంతో తిరుగుతున్న చక్రం నువ్వు ఆగమన్నావని ఆగదు కదా, గాలిని తోస్తూనే ఉంటుంది. టర్బోకీ థ్రాటిల్‌కీ మధ్య ఉన్న పైపుల్లో, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో ఆ గాలి ఇరుక్కుపోతుంది. కోస్టల్ బ్యాటరీ దగ్గర గట్టు మీద నిలబడి చూశావా ఎప్పుడైనా, రాళ్లకి కొట్టుకుని వెనక్కి మళ్లిన అల వచ్చే అలని గుద్దేస్తుంది. పైపులో కూడా అదే జరుగుతుంది, ముందు దారి లేని గాలి వెనక్కి మళ్లి కంప్రెసర్ చక్రం రెక్కల మీదే పడుతుంది. దాన్నే సర్జ్ అంటారు. పావురాలు గొంతులో గుడగుడలాడినట్టు "టు-టు-టు-టు" అని వినిపించేది అదే. వీడియోల్లో ఆ చప్పుడు విని మురిసిపోయేవాళ్లు చాలామంది, కానీ అక్కడ గాలి చక్రాన్ని వెనక్కి నెడుతోంది, ఇరుసుని ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టి ఉంచే థ్రస్ట్ బేరింగ్ మీద ఆ దెబ్బ పడుతోంది.

ఆ ఇరుక్కున్న గాలికి ఒక దారి చూపించడమే ఈ వాల్వ్ పని. ఇక్కడిదాకా రెండు రకాలూ ఒకటే. బ్లో-ఆఫ్ ఆ గాలిని బయటికి, బానెట్ కిందకి వదిలేస్తుంది, అందుకే సౌండు. డైవర్టర్ దాన్ని మళ్లీ టర్బో ముందున్న పైపులోకి పంపిస్తుంది, అందుకే సౌండు ఉండదు, ఉన్నా లోపలే మింగేస్తుంది. టర్బోని కాపాడే పని రెండూ సమానంగానే చేస్తాయి, ఈ విషయంలో డైవర్టర్ గొప్ప, బ్లో-ఆఫ్ తక్కువ అని ఎవరైనా అంటే నమ్మకు. తేడా వచ్చేది తర్వాత, లెక్క దగ్గర.

కొన్ని బళ్లకి ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైపు మీద ఒక సెన్సర్ ఉంటుంది, మాఫ్ సెన్సర్ అంటారు. లోపలికి ఎన్ని గ్రాముల గాలి పోతోందో అది కొలిచి ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి, చెబుతుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోలు కొడుతుంది. పెళ్లి పందిట్లో భోజనానికి వందమంది కూర్చున్నారని లెక్కపెట్టి వంటవాడికి చెప్పావు, అతను వందమందికి వండాడు, ఈలోగా నలభైమంది లేచి పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయారు. వండింది మిగిలిపోతుంది కదా. బ్లో-ఆఫ్ పెట్టిన మాఫ్ బండిలో కాలు తీసిన ప్రతిసారీ జరిగేది అదే. గాలి బయటికి పోయింది, లెక్క మాత్రం అలాగే ఉంది, ఉన్న కాస్త గాలికి పెట్రోలు ఎక్కువైంది. అర సెకనో సెకనో మాత్రమే, కానీ సైలెన్సర్‌లోంచి నల్లపొగ, "టప్" మని ఒక పేలుడు, సిగ్నల్ దగ్గర ఆగేసరికి ఆర్‌పీఎమ్ కిందకి జారి ఒక్కోసారి ఇంజన్ ఆగిపోవడం, అన్నీ దాన్నుంచే. నెలల తరబడి అలా తిప్పితే ప్లగ్గులు మసిబారతాయి, కాలని పెట్రోలు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలితే దాని ఆయుష్షు తగ్గుతుంది. డైవర్టర్‌లో అయితే ఆ నలభైమందీ పందిరి దాటి పోరు, లెక్కపెట్టే మనిషిని దాటాక లోపల్లోపలే తిరిగొచ్చి మళ్లీ అదే బంతిలో కూర్చుంటారు, వండింది సరిపోతుంది.

ఇంకో రకం బళ్లలో మాఫ్ ఉండదు. థ్రాటిల్ తర్వాత, సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ మీద ఒత్తిడిని చూసే మ్యాప్ సెన్సర్, గాలి వేడిని చూసే సెన్సర్, ఇంజన్ వేగం, ఈ మూడింటితో ఈసీయూ గాలి ఎంతో లెక్క కట్టుకుంటుంది. ఈ మ్యాప్ వేరు, రీమ్యాప్‌లో మ్యాప్ వేరు, షెడ్డుల్లో ఈ రెండూ కలిపేసి మాట్లాడి జనాన్ని తికమక పెడతారు. ఇలాంటి బండిలో లెక్క థ్రాటిల్ దాటిన తర్వాత జరుగుతుంది కాబట్టి, దానికి ముందే బయటికి పోయిన గాలి లెక్కలోనే లేదు. నల్లపొగ, ఆగిపోవడం లాంటివి మామూలుగా ఉండవు. అందుకే ఒకడు నా బండికి పెట్టాను ఏమీ కాలేదు అంటాడు, ఇంకొకడు నా బండి నాశనమైంది అంటాడు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు, బళ్లు వేరు.

నీ బండికి ఏది ఉందో నువ్వే చూడు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ తెరిచి ఫిల్టర్ డబ్బా నుంచి టర్బో వైపు పోయే పైపుని వేలితో తడుముతూ వెళ్లు. డబ్బా మూతికి ఆనుకుని నాలుగైదు వైర్ల కనెక్టర్ ఒకటి పైపులోకి దిగి ఉంటే అది మాఫ్. లేకపోతే ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ డేటా చదివేది) పెట్టి ఫోన్లో లైవ్ డేటా చూడు, కానీ కొన్ని బళ్లలో ఈసీయూ కట్టిన లెక్కనే మాఫ్ విలువగా చూపిస్తుంది కాబట్టి కంటితో చూడటమే నమ్మకం.

ఇప్పుడు నా కథ. అప్పట్లో నా దగ్గరున్నది పాత 1.8 టర్బో పెట్రోల్ సెడాన్, మాన్యువల్ గేరు, మాఫ్ ఉన్న బండి. కంపెనీ డైవర్టర్ తీసేసి, ఆన్‌లైన్లో రెండు వేలకి దొరికిన మెరుపుల వాల్వ్ పెట్టాను, పెద్ద జపాన్ బ్రాండ్ పేరు దాని మీద చెక్కి ఉంది, అసలుది ఆ ధరకి పెట్టె కూడా రాదని అప్పుడు తెలీదు. మొదటి రెండు రోజులు స్వర్గం. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా అవసరం ఉన్నా లేకపోయినా గేర్లు మార్చుకుంటూ వెళ్లాను. మూడో రోజు సాయంత్రం మద్దిలపాలెం జంక్షన్‌లో బండి ఆగిపోయింది, వెనక సిటీ బస్సు, డ్రైవరు దిగి వచ్చి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. స్టార్టయింది, మళ్లీ గురుద్వారా దగ్గర ఆగింది. స్ప్రింగు గట్టి చేశాను, ఆగిపోవడం తగ్గింది కానీ పావురం కూత మొదలైంది. వదులు చేశాను, ఐడిల్‌లోనే, అంటే కాలు తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతుండగానే, వాల్వ్ తెరుచుకుని ఫిల్టర్ లేని గాలి పీల్చడం మొదలుపెట్టింది, ఈసారి లెక్క అటువైపు తప్పి పెట్రోలు తక్కువై ఆర్‌పీఎమ్ ఉయ్యాల ఊగింది. మధ్యలో ఎక్కడో సరైన చోటు ఉంటుందని నెలన్నర తిప్పుతూ కూర్చున్నాను. చివరికి మా ఇంటావిడ అరకు వెళ్దాం అంది, ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే వర్షం, ప్రతి మలుపుకీ కాలు తీయడం, ప్రతి మలుపు తర్వాతా బండి ఒక క్షణం చచ్చి బతకడం. అనంతగిరిలో టీకి ఆపినప్పుడు "ఆ ఈల వేసేది తీసెయ్యండి, లేకపోతే నేను రైలెక్కి పోతాను" అంది. ఇంటికొచ్చాక ప్లగ్గులు విప్పితే నాలుగూ కాటుక డబ్బీల్లా ఉన్నాయి. అటక మీంచి పాత ప్లాస్టిక్ వాల్వ్ దించి అరగంటలో బిగించాను, బండి ఆ రోజు నుంచి మళ్లీ మనిషిలా నడిచింది.

ఆ స్ప్రింగు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది చెడిపోయేది అక్కడే. పాత రకం వాల్వ్‌కి, బ్లో-ఆఫ్ అయినా డైవర్టర్ అయినా, నెత్తి మీద ఒక సన్న గొట్టం ఉంటుంది, అది థ్రాటిల్ తర్వాత మ్యానిఫోల్డ్ నుంచి వస్తుంది. నువ్వు తొక్కుతున్నప్పుడు మ్యానిఫోల్డ్‌లో ఉన్న బూస్టే, అంటే టర్బో ఒత్తిపెట్టిన గాలే, ఆ గొట్టంలోంచి వచ్చి వాల్వ్ నెత్తిని నొక్కి మూసి ఉంచుతుంది, కాలు తీయగానే అక్కడ వ్యాక్యూమ్ పుట్టి వాల్వ్‌ని పైకి లాగుతుంది. స్ప్రింగు చేసేది ఐడిల్‌లో మూసి ఉంచడం మాత్రమే. అంటే బూస్ట్‌ని ఆపేది స్ప్రింగు బలం కాదు, రెండు వైపులా సమానంగా ఉన్న ఒత్తిడి. ఇది తెలియక "బూస్ట్ ఎక్కువ పెట్టావు కదా, గట్టి స్ప్రింగు వెయ్యి" అని అమ్మేస్తుంటారు. స్ప్రింగు చూడాల్సింది ఐడిల్ వ్యాక్యూమ్‌ని బట్టి. ఆ సన్న గొట్టానికి పగులొచ్చిందా, ఎంత ఖరీదైన వాల్వ్ అయినా వేస్టే, బూస్ట్‌లో నెత్తి మీద ఒత్తిడి చాలక కారుతుంది, కాలు తీసినప్పుడు వ్యాక్యూమ్ చాలక తెరుచుకోదు. నలభై రూపాయల గొట్టం తేడాకి పదిహేను వేల వాల్వ్ మార్చిన మహానుభావుణ్ని చూశాను.

నీ ఆక్టేవియాలో ఈ గొట్టం గొడవ లేదు. ఆ ఇంజన్‌కి టర్బో మీదే, కంప్రెసర్ గుల్లకి మూడు బోల్టులతో బిగించి, కరెంటుతో పనిచేసే డైవర్టర్ ఉంటుంది. ఎప్పుడు తెరవాలో ఈసీయూ నిర్ణయించి కాయిల్‌కి కరెంటు ఇస్తుంది, మిగతా టైమంతా మూసి ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు టర్బోల్లో మొదట్లో దీనికి రబ్బరు డయాఫ్రమ్ (పల్చటి పొర) ఉండేది, వేడికీ ఒత్తిడికీ అది చిరిగేది, తర్వాత పిస్టన్ రకానికి మార్చారు. పార్టు నంబరు చివర అక్షరం మారుతూ వచ్చిందంటే ఆ మార్పులే. ఇలాంటి బండికి గాజువాక ఆయన పెడతానంటున్న బ్లో-ఆఫ్ రెండు రకాల్లో ఒకటై ఉంటుంది. ఒకటి, టర్బోకీ కంపెనీ వాల్వ్‌కీ మధ్య ఒక అల్యూమినియం దిమ్మ పెట్టి కొంత గాలిని పక్కకి వదలడం, స్పేసర్ అంటారు. రెండోది, కరెంటు వాల్వ్ పూర్తిగా తీసేసి ఒక ప్లేటుతో మూసి, ఇంటర్‌కూలర్ పైపుకి కొత్త వాల్వ్ తగిలించి, మ్యానిఫోల్డ్ నుంచి వ్యాక్యూమ్ లైను లాగడం. రెండో దాంట్లో ఈసీయూ తన కాయిల్ కనపడక చెక్ ఇంజన్ లైటు వేస్తుంది, దాన్ని నోరు మూయించడానికి ఒక రెసిస్టర్ పెడతారు. బాగున్న బండి వైరింగులో కత్తెర పెట్టే పని నువ్వు డబ్బిచ్చి చేయించుకోకు. స్పేసర్ అంత ప్రమాదం కాదు, మాఫ్ లేని బండి అయితే చాలామంది అలాగే తిరుగుతున్నారు కూడా. కాకపోతే ఇంజన్ లోపలి ఆవిరి గొట్టం కూడా టర్బో ముందే కలుస్తుంది కాబట్టి ఆ గాలిలో ఆయిల్ తేమ ఉంటుంది, బయటికి వదిలిన చోటల్లా కొన్నాళ్లకి జిడ్డు పేరుకుని మన దుమ్ముతో కలిసి తారులా అవుతుంది.

ఇంకో సంగతి, ఇది నీకెవరూ చెప్పి ఉండరు. నీది డీఎస్‌జీ. వీడియోల్లో గేరు గేరుకీ "ప్ఫ్‌ష్" వచ్చేవి ఎక్కువగా మాన్యువల్ బళ్లు, క్లచ్ తొక్కినప్పుడల్లా కాలు తీస్తారు కాబట్టి థ్రాటిల్ మూసుకుని వాల్వ్ తెరుచుకుంటుంది. డీఎస్‌జీలో కాలు తొక్కిపెట్టే ఉంచితే గేరు మారేటప్పుడు థ్రాటిల్ సాధారణంగా పూర్తిగా మూసుకోదు, ఇంజన్ బలాన్ని ఈసీయూ వేరే దారిలో క్షణకాలం తగ్గిస్తుంది. వాల్వ్‌కి పనే తగలదు. నువ్వు కోరుకున్న సౌండు వచ్చేది నువ్వు కాలు తీసినప్పుడు మాత్రమే, అంటే బీచ్ రోడ్డులో స్పీడ్ బ్రేకర్ ముందు. ఇరవై వేలు పెట్టి స్పీడ్ బ్రేకర్లకి ఈల వేయించుకోవడం నీ ఇష్టం.

సౌండు మీద అంత ప్రాణం ఉంటే తక్కువ పాపం ఉన్న దారి ఒకటుంది, ఇన్‌టేక్. ఫిల్టర్ డబ్బా ఉన్నప్పుడు డైవర్టర్ వదిలిన గాలి చప్పుడు ఆ డబ్బా మింగేస్తుంది. మంచి కంపెనీ ఓపెన్ ఇన్‌టేక్ పెడితే అదే డైవర్టర్ చప్పుడు కోన్ ఫిల్టర్‌లోంచి బయటికి వినపడుతుంది, టర్బో లేచే ఈల కూడా వినిపిస్తుంది, గాలి మాత్రం లెక్క దాటిపోదు. అయితే మన ఊళ్లో ఓపెన్ ఫిల్టర్‌ని తరచూ శుభ్రం చేసుకునే ఓపిక ఉండాలి. గాజువాక, ములగాడ ఫ్యాక్టరీల వైపు తిరిగే బండి ఫిల్టర్, ఎంవీపీలో తిరిగే బండి ఫిల్టర్ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒకటే రకం అంటే నమ్మవు. వానాకాలంలో జ్ఞానాపురం బ్రిడ్జి కింద మోకాల్లోతు నీళ్లలో దూరకూడదు, కోన్ కిందగా ఉంటే నీళ్లు పీలుస్తుంది, అప్పుడు పోయేది వాల్వ్ కాదు, ఇంజన్.

సగం బయటికి సగం లోపలికి వదిలే డ్యూయల్ పోర్ట్ వాల్వ్‌లు కూడా ఉన్నాయి. మాఫ్ బండికి అవి తలనొప్పిని సగం చేస్తాయి, పూర్తిగా తీసేయవు. అంతకంటే చెప్పుకోడానికి ఏమీ లేదు.

ఉప్పుగాలి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. హైదరాబాదువాళ్లు, బెంగళూరువాళ్లు రాసినవి చదివి మనం వాల్వ్ కొంటాం, వాళ్లకి సముద్రం లేదు. బీచ్ రోడ్డు పక్క అపార్టుమెంటు సెల్లార్లో నిలబెట్టే బండికి బానెట్ కింద అల్యూమినియం మీద తెల్ల పొడి లేస్తుంది, చూసే ఉంటావు. బయటికి నోరు తెరిచి ఉండే పిస్టన్ రకం బ్లో-ఆఫ్‌లోకి ఆ తేమ, ఉప్పు, దుమ్ము నేరుగా వెళ్తాయి, పిస్టన్ గీతలు పడి సగంలో ఇరుక్కుంటుంది. తెరుచుకుని ఇరుక్కుంటే బూస్ట్ ఉండదు, మూసుకుని ఇరుక్కుంటే సర్జ్. నా దగ్గరికి వచ్చినవాటిలో నకిలీవైతే ఒక్క వానాకాలం కూడా సరిగ్గా దాటలేదు, లోపలి ఓ-రింగు ఉబ్బిపోయి పిస్టన్ చేత్తో నొక్కినా కదలదు. అసలు బ్రాండువైనా ఏడాదికి రెండుసార్లు విప్పి తుడిచి, తయారీదారు చెప్పిన గ్రీజు పల్చగా రాయాలి. డైవర్టర్‌ది మూసిన దారి, ఫిల్టర్ దాటిన గాలే దానిలో తిరుగుతుంది, ఈ బాధలు చాలా తక్కువ. వేరే ఏ కారణం లేకపోయినా ఈ ఒక్క కారణానికి వైజాగ్‌లో నేను డైవర్టర్ వైపే ఉంటాను.

స్టేజ్ 1 సంగతి. నీ బండికి కంపెనీ ఇచ్చిందే 180 పీఎస్, 250 ఎన్‌ఎమ్, రీమ్యాప్ చేస్తే బూస్ట్ పెరుగుతుంది, అప్పుడు డైవర్టర్ ఆ ఒత్తిడికి ఆగుతుందా అన్నది సరైన ప్రశ్న. బాగున్న పిస్టన్ రకం చాలావరకు స్టేజ్ 1కి ఆగుతుంది. కాబట్టి వాల్వ్ ముందే కొనకు. రీమ్యాప్ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి స్కానర్‌తో లాగ్ (రికార్డు) తీయించు, ఈసీయూ అడిగిన బూస్ట్ ఎంత, నిజంగా వచ్చింది ఎంత అని పక్కపక్కన కనపడతాయి. అనకాపల్లి హైవే మీద మూడో గేరులో ఒక్క లాగుడు చాలు, అది కూడా ఖాళీ రోడ్డు చూసుకుని. అడిగింది, వచ్చింది అతుక్కుని నడిస్తే వాల్వ్‌ని కదపకు. పైన ఆర్‌పీఎమ్‌లో వచ్చింది కిందకి జారుతుంటే, లేదా పీ0299 కోడ్ పడితే, అది అండర్‌బూస్ట్, అప్పుడు అనుమానించు, అప్పుడు కూడా మొదట వాల్వ్‌ని కాదు. క్లిప్పులు, ఇంటర్‌కూలర్ పైపుల కీళ్లు, వాటి ఓ-రింగులు, తర్వాత వాల్వ్, తర్వాత టర్బో బూస్ట్‌ని అదుపు చేసే వేస్ట్‌గేట్, ఆ వరసలో వెళ్లు.

కారుతున్న డైవర్టర్‌ని పట్టుకోవడంలో ఒక చిక్కుంది, దీన్ని చాలామంది మెకానిక్‌లు కూడా తప్పుతారు. పైపు పగిలి గాలి బయటికి పోతే మాఫ్ బండిలో పెట్రోలు లెక్క చెడుతుంది, స్కానర్‌లో ఫ్యుయల్ ట్రిమ్ (పెట్రోలులో ఈసీయూ చేసుకునే సర్దుబాటు) తేడాగా కనపడుతుంది, దొంగ దొరికిపోతాడు. డైవర్టర్ లోపల కారితే గాలి బయటికి పోదు, టర్బో తోసింది తోసినట్టే దాని నోటి ముందుకే తిరిగొస్తుంది, గానుగెద్దు తిరిగినట్టు. లెక్క తప్పదు, ట్రిమ్ మారదు, కోడ్ కూడా వెంటనే పడదు, సబ్బునీళ్లు కొట్టినా బయట బుడగ రాదు. బండి మాత్రం బద్ధకంగా ఉంటుంది, బూస్ట్ ఆలస్యంగా లేస్తుంది, టర్బో ఎక్కువ తిరగాల్సి వచ్చి మైలేజీ కొద్దిగా పడుతుంది. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు ఇంతకుముందు మూడో గేరులో లాగిన చోట ఇప్పుడు రెండుకి దిగుతోందంటే ఇదొక కారణం కావచ్చు. దీనికి మందు వాల్వ్ విప్పి చూడటమే. పాత డయాఫ్రమ్ రకమైతే చిరుగు కంటికి కనపడుతుంది. గొట్టం ఉన్న పాత రకం అయితే చేతి వ్యాక్యూమ్ పంపు పెట్టి లాగి ముల్లు నిలబడుతోందా, కిందకి జారుతోందా చూస్తే నిమిషంలో తేలిపోతుంది. నీ కరెంటు రకానికి పిస్టన్ వేలితో నొక్కి వదిలితే అడ్డం లేకుండా తిరిగిరావాలి, అంచున సీలు కోసుకుపోయి ఉండకూడదు. ఇంజన్ వెనక ఫైర్‌వాల్ వైపు ఉంటుంది కాబట్టి చేయి దూర్చడం నరకం, వేడి మీద అస్సలు పెట్టకు.

నిజంగా పోయిందని తేలితే కంపెనీదే కొత్తది, చివరి నంబరుది వేయించు. రీమ్యాప్ గట్టిగా చేయించాలనుకుంటే, కంపెనీ కాయిల్‌నే ఉంచి పిస్టన్ వరకు లోహంది ఇచ్చే కిట్లు దొరుకుతాయి, ఆస్ట్రేలియాలో జీఎఫ్‌బీ వాళ్ల డీవీ ప్లస్ అలాంటిదే. ఈసీయూకి తేడా తెలీదు, వైరింగు ముట్టుకోనక్కర్లేదు, గాలి లోపలే తిరుగుతుంది. నేను డబ్బు పెడితే దాని మీదే పెడతాను.

చట్టం గురించి రెండు ముక్కలు, బోర్ కొట్టినా విను. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. అదే ఏడాది చేసిన సవరణ తర్వాత ఇలాంటి మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చప్పుడు, పొగ ప్రమాణాలు దాటితే సెక్షన్ 190 కింద 10,000 దాకా. నీ వాల్వ్ కోసం ఎవరూ బానెట్ తెరిపించరు అంటావు, నిజమే, కానీ సాయంత్రం బీచ్ రోడ్డులో చప్పుడు చేసుకుంటూ తిరిగేవాణ్ని ఆపడానికి బానెట్ తెరవక్కర్లేదు. పైగా యాక్సిడెంట్ క్లెయిము అప్పుడు సర్వేయరు తెరుస్తాడు, చెప్పని మార్పు కనపడితే ఆ టెన్షన్ వేరే.

నీ మెసేజ్‌లో చివర, మీ బావగారి స్విఫ్ట్ డీజిల్‌కి కూడా ఒకటి పెట్టించొచ్చా అన్నావు. వద్దు. డీజిల్ ఇంజన్ బలాన్ని నడిపేది థ్రాటిల్ రేకు కాదు, పోసే డీజిల్ పరిమాణం. కాలు తీస్తే డీజిల్ ఆగుతుంది కానీ గాలి దారి తెరిచే ఉంటుంది, ఇంజన్ పీల్చేస్తూనే ఉంటుంది, పైపులో ఇరుక్కునే గాలే లేదు. అసలు లేని రోగానికి మందు అది. డీజిల్ బ్లో-ఆఫ్ కిట్ అని అమ్మేవి పెడల్ దగ్గర ఒక స్విచ్చు పెట్టి, కరెంటుతో వాల్వ్ తెరిచి, మంచి బూస్ట్‌ని ఊరికే బయటికి ఊదేస్తాయి. కొన్నిట్లో వాల్వ్ కూడా ఉండదు, చిన్న స్పీకరు ఉంటుంది. మీ బావగారికి స్పీకరు కావాలంటే డాష్‌బోర్డులో ఒకటి ఎలాగూ ఉంది.

ఈ ఆదివారం పొద్దున్నే, బండి రాత్రంతా నిలిచి చల్లారాక బానెట్ తెరువు. ఫిల్టర్ డబ్బా మూతి దగ్గర పైపు ఫొటో ఒకటి, వీలైతే టర్బో మీదున్న ఆ నల్ల వాల్వ్ ఫొటో ఒకటి తీసి పెట్టు. ఫోను కెమెరా దూరకపోతే చిన్న అద్దం వాడు. వాల్వ్ మీద పార్టు నంబరు చివరి అక్షరం కనపడాలి, అది కనపడితే నీ దాంట్లో డయాఫ్రమ్ ఉందో పిస్టన్ ఉందో ఇక్కడినుంచే చెప్పేస్తాను. గాజువాక ఆయనకి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే, ఆ డబ్బుకి ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చమని అడుగు.